తాళం వేసిన ఇల్లు – అడిగే తీరు

ప్రతి ఊళ్ళోనూ తాళం వేసిన ఇళ్ళు కొన్ని ఉంటాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల ఊళ్ళలో పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో పోతారు. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు ఒంటరిగా ఉంటారు. తర్వాత వాళ్ళూ పిల్లల దగ్గరకు చేరతారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు మగవాళ్ళు దుబాయికి, మస్కట్‌కు పోతారు. పాలమూరు ఊళ్ళ నుంచి ఇంటిల్లిపాదీ బొంబాయికి పనికి పోతారు. పోయేవాళ్ళు తలుపుకు తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇస్తారు. "పండక్కి వస్తాం" అంటారు. ఒక పండగకు వస్తారు. మరుసటి ఏడు రారు.

మనిషి లేని ఇల్లు తొందరగా పాడవుతుంది. పొయ్యి వెలగదు. పొగ తగలని వాసాలకు పురుగు పడుతుంది. ఒక పెంకు జారితే సర్దే వాళ్ళుండరు. ఆ సందులోంచి వాన కారుతుంది. మట్టి గోడ తడిసి ఉబ్బుతుంది. గోడ నెర్రెలో రావి మొక్క మొలుస్తుంది. నాలుగు వానాకాలాలు గడిస్తే ఇల్లు కాస్తా దిబ్బ అవుతుంది.

అదే ఊళ్ళో ఒక్క గదిలో ఆరుగురు పడుకునే కుటుంబాలూ ఉంటాయి. నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాళ్ళకు ఆ ఖాళీ ఇంటి మీద కన్ను పడుతుంది. అందులో తప్పేమీ లేదు. కొత్త ఇల్లు కట్టాలంటే స్థలం కావాలి, సిమెంటు కావాలి, ఇనుము కావాలి. ఉన్న ఇల్లు కొనుక్కొని బాగు చేసుకోవడం చాలాసార్లు తేలిక. కానీ ఆ ఇంటివాళ్ళను ఎలా అడగాలి? ఎప్పుడు అడగాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు.

మన ఊళ్ళలో "ఇల్లు అమ్ముతారా?" అన్న మాట మామూలు మాట కాదు. గేదెను అమ్ముతారా అన్నట్టు అడగడానికి కుదరదు. ఇల్లు అమ్ముకున్నాడంటే చితికిపోయాడని లోకం అనుకుంటుంది. ఇల్లు ఖాళీగా ఉన్నా అది వాళ్ళ అమ్మ కాపురం చేసిన ఇల్లు. వాళ్ళ పెళ్ళి పందిరి వేసింది ఆ వాకిట్లోనే. వాళ్ళ తండ్రి ప్రాణం పోయింది ఆ ఇంట్లోనే. ఆ సంగతి మరచి అడిగితే ఎదుటివారి మనసు నొచ్చుకుంటుంది. ఒకసారి నొచ్చుకున్న మనిషి తర్వాత రెండింతలు ధర ఇస్తామన్నా వినడు.

ఒక ఇంటి సంగతి

గుంటూరు జిల్లాలో ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్ళో ఒక మాష్టారు ఉండేవారు. ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. తన జీతంతో ఒక పెంకుటిల్లు కొనుక్కున్నారు. ముందు అరుగు, వెనుక పెరడు, పెరట్లో మామిడి చెట్టు. మాష్టారు పోయాక ఆయన భార్య హైదరాబాదులో పెద్దకొడుకు దగ్గరకు వెళ్ళింది. చిన్నకొడుకు అమెరికాలో ఉన్నాడు. కూతురు కాపురం విజయవాడలో. ఇంటికి తాళం పడింది.

ఊరి చివర కాలనీలో ఒక కౌలురైతు కుటుంబం ఉంది. భర్త అయిదో తరగతి వరకు ఆ మాష్టారి దగ్గరే చదివాడు. భార్య చిన్నప్పుడు బడికి పోలేదు. రాత్రి కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. పొదుపు సంఘంలో ఆమెకు కొంత సొమ్ము ఉంది. మిర్చి బాగా పండిన ఏడు మరికొంత మిగిలింది. ఇద్దరు ఆడపిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. గది చాలడం లేదు.

మొదట భర్త తొందరపడ్డాడు. మాష్టారి పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాక పెద్దకొడుకును పక్కకు పిలిచాడు. "బాబూ, ఈ ఇల్లు ఇంక మీకెందుకు? అమ్మేయకూడదా? పాడుబడిపోద్ది" అన్నాడు.

కొడుకు ముఖం ఎర్రబడింది. "మా నాన్న పోయి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. అప్పుడే ఇంటి మీద పడ్డారా?" అన్నాడు.

భర్త ఉద్దేశం చెడ్డది కాదు. మాటలో మాత్రం మూడు తప్పులు దొర్లాయి. చావు ఇంట్లో బేరం ఎత్తాడు. "మీకెందుకు" అన్నాడు. బతికున్న తల్లి ముందే ఇంటిని "పాడుబడిపోద్ది" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఇంటి ఊసు ఎత్తడానికి వీల్లేకపోయింది.

ముందు తెలుసుకోవలసింది

రెండేళ్ళ తర్వాత పని భార్య చేతిలోకి తీసుకుంది. ఆమె మొదట ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో తెలుసుకుంది.

పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను రిజిస్టరు ఉంటుంది. పన్ను ఎవరి పేరున వస్తున్నదో, బాకీ ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. అయితే పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఆ మనిషే హక్కుదారు అని చెప్పలేం. పన్ను కట్టినట్టు రుజువు, అంతే.

హక్కు సంగతి తెలియాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించాలి. మీసేవలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఆ ఆస్తి మీద రిజిస్టరు అయిన అమ్మకాలు, తాకట్టులు, భాగపంపకాలు ఈసీలో వరుసగా ఉంటాయి. రిజిస్టరు కానివి ఉండవు. అసలు దస్తావేజు బ్యాంకులో కుదువపెట్టి అప్పు తెచ్చి ఉంటే ఒక్కోసారి అది ఈసీలో కనబడదు. కాబట్టి బేరం కుదిరే సమయానికి అసలు దస్తావేజు కళ్ళతో చూడాలి.

పాత ఊరి మధ్యలో గ్రామకంఠంలో ఉన్న ఇళ్ళకు చాలావాటికి దస్తావేజే ఉండదు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, అంతే. అలాంటివి కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన స్థలాల సంగతి వేరు. వాటిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గాని, అవి ఏ స్థలానికి వర్తిస్తాయో తహసీల్దారు ఆఫీసులో అడిగాకే ముందుకు పోవాలి. రిజిస్ట్రేషను ఆఫీసులో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. కొనబోయే ఇంటి నంబరు, సర్వే నంబరు అందులో లేవని చూసుకోవాలి.

ఈ పనులన్నీ ఆమె చడీచప్పుడు లేకుండా చేసింది. టీకొట్టు దగ్గర ఒక్క మాట పడితే చాలు. "ఫలానా ఇల్లు అమ్మకానికి వచ్చిందంట" అని సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఆ మాట హైదరాబాదులో ఉన్న ముసలమ్మ చెవిన పడితే ఆమె ఏమనుకుంటుంది?

పెరట్లో గడ్డి వేయొద్దు

ఖాళీ ఇల్లు కదా అని కొందరు పెరట్లో గడ్డివామి వేస్తారు. గొడ్లను కట్టేస్తారు. అరుగు మీద మిర్చి బస్తాలు పెడతారు. తర్వాత అమ్మమని అడుగుతారు. ఎవరు నమ్ముతారు?

దూరాన ఉన్న ఇంటివాళ్ళకు పెద్ద భయం ఒకటే: ఎవరైనా ఆక్రమిస్తారేమోనని. ఆ భయానికి కారణం ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఒకరి ఆస్తిని ఇంకొకరు తనదేనంటూ బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్ళు అనుభవిస్తే అసలు సొంతదారు దావా వేసే హక్కు పోవచ్చు. ఇది చాలామంది విని ఉన్నారు. అందుకే పెరట్లో గడ్డి కనబడితే కొడుకులకు నిద్ర పట్టదు. కొనదలుచుకున్నవాళ్ళు ఆ ఇంట్లో అడుగు పెట్టకపోవడమే మంచిది. తాళంచెవి పక్కింట్లో ఉన్నా, ఇంటివాళ్ళు చెప్పకుండా తీయించి చూడకూడదు.

ఉత్తరం

ఆమె ఉత్తరం రాసింది. ఫోను చేయవచ్చు. కానీ ఫోనులో అడిగితే ఎదుటివాళ్ళు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. చాలామంది "లేదు" అనేస్తారు. ఒకసారి లేదన్నాక మాట మార్చుకోవడానికి నామోషీ. ఉత్తరమైతే చదువుకుంటారు. నాలుగు రోజులు ఆలోచించుకుంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. పెద్దకొడుకు కోపంగా ఉన్నాడు. ఇల్లు నడిపిన మనిషి మాష్టారి భార్య. అందుకని ఉత్తరం ఆమెకే రాసింది. పక్కింటి పిన్ని దగ్గర చిరునామా తీసుకుంది. ఎందుకో పిన్నికి మాత్రం దాచకుండా చెప్పింది.

ఉత్తరం ఇది:

*పూజ్యులైన అమ్మగారికి నమస్కారాలు.*

*మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేము ఇక్కడ క్షేమం. మీ పెరట్లో మామిడి చెట్టు ఈ ఏడు బాగా పూసింది. గోడ బయట నుంచి చూశాను.*

*మా ఆయన మాష్టారి దగ్గర అయిదు వరకు చదువుకున్నాడు. పెద్దకర్మ రోజున బాబుగారితో అనకూడని మాట అన్నాడు. అది తప్పే. అప్పటి నుంచి బాధపడుతున్నాడు. క్షమించమని అడుగుతున్నాం.*

*మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఉన్న గది చాలడం లేదు. ఒక ఇల్లు కొనుక్కోవాలని చూస్తున్నాం. మీరు ఎప్పుడైనా ఆ ఇల్లు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే, మాకు ఒక మాట చెప్పమని కోరుతున్నాం. ఇవ్వాలని లేకపోతే అదీ మంచిదే. మళ్ళీ అడగం. మీరు ఎప్పుడు ఊరికి వచ్చినా మీ ఇల్లు మీదే.*

*ఈ సంగతి పక్కింటి పిన్నిగారికి తప్ప ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం నేనే రాశాను. తప్పులుంటే మన్నించండి.*

కింద తన పేరు, ఫోను నంబరు రాసింది.

ఈ ఉత్తరంలో ధర లేదు. ఇంటికి వంకలు పెట్టలేదు. "అమ్మండి" అన్న మాట లేదు. "ఎప్పుడైనా ఇవ్వాలనుకుంటే" అని ఉంది. పాత తప్పు ఒప్పుకుంది. కాదనడానికి దారి వదిలింది. కాదన్నా మొహం చాటేయరని చెప్పింది.

రెండు నెలలు జవాబు రాలేదు. భర్త "ఫోను చేద్దాం" అన్నాడు. ఆమె వద్దంది. రెండు నెలలు జవాబు రాకపోతే ఓర్చుకోవడం కష్టమే. కానీ జవాబు రాకపోవడం అంటే వాళ్ళింట్లో మాటలు నడుస్తున్నాయని కూడా కావచ్చు.

అమ్మగారు వచ్చిన రోజు

సంక్రాంతికి ముసలమ్మ కొడుకుతో ఊరికి వచ్చింది. భోగి నాడు పిన్నితో కబురు పంపింది. భార్యాభర్తలు ఇద్దరే వెళ్ళారు. మధ్యవర్తిని తీసుకుపోలేదు. పదిమందిని వెంటేసుకుని పోతే పంచాయితీ పెట్టినట్టుంటుంది.

"ఏమ్మా, ఉత్తరం నువ్వే రాశావా?" అంది ముసలమ్మ.

"నేనేనండీ అమ్మగారూ."

"మా ఆయన ఉంటే ఎర్ర సిరాతో దిద్దేవాడు" అని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు ఆమె ధర మాట్లాడలేదు. ఇల్లంతా తిప్పి చూపించింది. ఏ గదిలో ఎవరు పుట్టారో చెప్పింది. పడమటి గోడ ఉబ్బింది. దూలానికి చెద ఉంది. వాళ్ళిద్దరూ చూశారు, కాని ఆ మాట ఎత్తలేదు. ధర తగ్గించడానికి వంకలు చెప్పే రోజు అది కాదు. తర్వాత, మాట కలిశాక, అడిగి మేస్త్రీని తీసుకెళ్ళి చూపించుకున్నారు. మరమ్మతుకు ఎంతవుతుందో కాగితం మీద రాయించి కొడుకుకు ఇచ్చారు. వంక పెట్టినట్టు లేదు, లెక్క చెప్పినట్టు ఉంది.

ధర ఇంటివాళ్ళనే చెప్పమన్నారు. అయితే ఊళ్ళో ఈ మధ్య అమ్ముడైన ఇళ్ళు ఎంతకు పోయాయో, రిజిస్ట్రేషను ఆఫీసు లెక్కలో ఆ వీధికి విలువ ఎంత ఉందో ముందే కనుక్కుని పెట్టుకున్నారు. అవతలివాళ్ళు దూరాన ఉన్నారు, ధరలు తెలియవు అని సగానికి అడగడం కొందరు తెలివి అనుకుంటారు. రేపు ఎవరో చెబుతారు. బేరం చెడుతుంది, పేరూ చెడుతుంది.

ఒక చిక్కు వచ్చింది. ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు హైదరాబాదుకు ఫోన్లు చేశారు. "కాలనీవాళ్ళకు ఇల్లు ఎలా ఇస్తారు? వీధి ఏం కావాలి?" అన్నారు. ఇలాంటివి చాలా ఊళ్ళలో జరుగుతాయి. పైకి చెప్పుకోరు. ఇల్లు ఎవరికి అమ్మాలో సొంతదారు ఇష్టం. ఎస్సీ, ఎస్టీలను ఆస్తి కొననీయకుండా బెదిరించినా, వెలి పెడతామన్నా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు అవుతుంది. ఇక్కడ చట్టం దాకా పోలేదు. ముసలమ్మ ఫోనులోనే జవాబు చెప్పింది. "మా ఆయన వాళ్ళ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. నేను ఇల్లు ఇస్తే తప్పా?"

సొంతదారుతో ముందే నేరుగా మాట్లాడి ఉండడం వల్ల ఆ ఫోన్లు పనిచేయలేదు. ఊళ్ళో పెద్దమనుషుల ద్వారా అడిగి ఉంటే ఈ ఉత్తరం హైదరాబాదు చేరేదే కాదు.

కూతురి సంతకం

కొడుకు అన్నాడు: "నేను, తమ్ముడు, అమ్మ సంతకాలు పెడతాం. చాలు."

ఆమె మెల్లగా అడిగింది. "అమ్మాయిగారికి కూడా తెలుసా బాబూ?"

"చెల్లెలు మా మాట కాదనదు. కట్నం ఇచ్చి పంపాం కదా."

"కాదనరు బాబూ. ఆమెతో కూడా ఒక మాట మాట్లాడితే మాకు ధైర్యం."

ఇది అడగడం కష్టం. ఇంటివాళ్ళ మధ్య తగవు పెట్టినట్టు అవుతుందేమోనని భయం. కాని అడగక తప్పదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి, వీలునామా రాయకుండా పోతే, భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వస్తుంది. మాష్టారి ఇల్లు నాలుగు సమాన వాటాలు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూడా ఆడపిల్లలకు వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు అన్నారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. కొడుకులాగే కూతురికీ పుట్టుకతో హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కట్నం ఇచ్చామన్న మాటతో ఆ వాటా పోదు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ చట్టాలు వేరు. వారసుల్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాల్సి రావచ్చు. అప్పుడు వకీలును అడగాలి.

కూతురు మొదట ఒప్పుకోలేదు. తనతో చెప్పకుండా మాటలు సాగాయని అలిగింది. ఒక ఆదివారం విజయవాడ నుంచి వచ్చింది. ఇంట్లో ఒక్కతే గంటసేపు కూర్చుంది. పోతూ పోతూ తులసికోట తీయొద్దని అడిగింది. తీయమని వాళ్ళు మాట ఇచ్చారు. తర్వాత సంతకానికి వచ్చింది.

డబ్బు, కాగితాలు

చిన్నకొడుకు అమెరికా నుంచి రాలేడు. అన్నకు పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అధికార పత్రం, పంపాడు. అక్కడి భారత కాన్సులేటులో సంతకం పెట్టి పంపవచ్చు. అది మన దేశం చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించాలి. పత్రం రాసిన మనిషి చనిపోతే దానికి విలువ ఉండదు. కాబట్టి రిజిస్ట్రేషను ముందు రోజు వీడియో ఫోనులో చిన్నకొడుకుతో మాట్లాడారు. "బాబూ, మీకు ఇష్టమే కదా?" అని అడిగారు. విదేశంలో ఉండే మనిషి వాటా సొమ్ములో పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవాళ్ళదే. అది ఎంతో, ఎలాగో ఆడిటరు చెబుతాడు. మరిచిపోతే తర్వాత నోటీసు వస్తుంది.

అధికార పత్రం, అగ్రిమెంటు చేతిలో పెట్టుకుని ఇల్లు మాదైపోయిందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. వాటితో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. విక్రయ దస్తావేజు రిజిస్టరు కావాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆ పైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు చేయాల్సిందే.

బయానా చిన్న మొత్తమే అయినా కాగితం మీద రాసుకున్నారు. అందులో ఇంటి హద్దులు, ధర, గడువు, బేరం తప్పితే బయానా ఎలా తిరిగి ఇవ్వాలో ఉన్నాయి. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇచ్చారు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదని 2015 నుంచి నియమం ఉంది. నలుగురు వారసుల వాటాలూ ఎవరి ఖాతాలో వాళ్ళకు వేశారు. పెద్దకొడుకు "అంతా నాకే వేయండి, నేను పంచుతా" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ముసలమ్మ వాటా ముసలమ్మ ఖాతాలోనే పడింది.

రిజిస్ట్రేషను రోజున అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, ఇద్దరు సాక్షులు వెళ్ళారు. ఫోటోలు తీశారు. వేలిముద్రలు తీసుకున్నారు. అక్కడ వేలిముద్ర వేయడం చదువు రానందుకు కాదు. కలెక్టరయినా వేయాల్సిందే. ఆమె వేలిముద్ర వేసి, పక్కన సంతకం కూడా పెట్టింది. సంతకం పెట్టే ముందు దస్తావేజు మొత్తం చదివింది. అరగంట పట్టింది. వెనక వాళ్ళు విసుక్కున్నారు. తూర్పు హద్దు, పడమటి హద్దు సరిచూసుకుంది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మాష్టారి కుర్చీ, గోడ గడియారం, పుస్తకాల పెట్టె ముసలమ్మ తీసుకుపోయింది. రోలు, పొత్రం వదిలింది. వద్దన్న సామాను ఏదీ ముసలమ్మ చూస్తుండగా బయట పారేయలేదు.

రిజిస్ట్రేషనుతో పని అయిపోలేదు. పంచాయతీలో ఇంటి పన్ను, కరెంటు ఆఫీసులో మీటరు పేరు మార్పించుకోవాలి. దస్తావేజు నకలు జతచేసి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. కొత్త పేరుతో మొదటి పన్ను రసీదు వచ్చింది. ఇంటి నంబరు చూసుకుంది. తన పేరు చదువుకుంది. పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. రసీదు పట్టుకుని మళ్ళీ పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి, రిజిస్టరులో ఆ దీర్ఘం పెట్టించి వచ్చింది.